టేపులో లేని దగ్గు

మొన్న మా తెలుగు సంఘం కార్యదర్శి స్కూటరు వేసుకుని గోవింద్‌పూర్‌లో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే "దాదా పోయేడు, తెల్సా?" అన్నాడు. తెలియదన్నాను. గుండె నొప్పట. టాటానగర్ స్టేషన్లో రైలు కోసం నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడట. "సంతాప సభ పెడతన్నాం. ఆయన బేండులో పాడినోడివి నువ్వే గదా. నాలుగు ముక్కలు మాటాడాల" అన్నాడు. నేను మాట్లాడితే రెండో వరస దాకా వినపడదని అతనికి తెలుసు. అయినా అడిగాడు. మైకుంటుందిలే అన్నాడు.

నేను రానన్నాను. "పోయినోడి మీద కోపమేటి, గురూ!" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

కోపమే. దాచుకోవాల్సిన పనేమీ నాకు కనపడలేదు. ఆ సభలో అందరూ అతను గొప్ప కళాకారుడనీ, ఈ ఊరి తెలుగువాళ్ళలో ఇంగ్లీషు సంగీతం అంత తెలిసినవాడు ఇంకొకడు లేడనీ చెబుతారు. చెప్పనీ. నాకు తెలిసిన మనిషిని నేను ఇక్కడ రాస్తాను. పేరు మాత్రం రాయను. ఆ పేరు నా చేత్తో రాయాలని లేదు.

దాదా అనేవాళ్ళం. అది బెంగాలీల పిలుపు. ఈ ఊళ్ళో మనకంటే నాలుగేళ్ళు పెద్దయితే ఎవరైనా దాదాయే. వాళ్ళది మా వైపే, పాలకొండ పక్క. ఇక్కడి ఉక్కు కార్ఖానాలో మీటర్లు బాగుచేసే షాపులో పని, అగ్రికో కాలనీలో క్వార్టరు. సన్నటి మనిషి, మెడ ముందుకు చాచి నడిచేవాడు. గడియారం మణికట్టు లోపలివైపుకి తిప్పి కట్టుకునేవాడు. ఎదుటివాడు ఏదైనా చెప్పుకుంటుంటే చెయ్యి వెల్లకిలా తిప్పి దాన్ని చూసేవాడు. మనిషి ముఖం చూసి మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. గోడతో మాట్లాడేవాడు, తలుపుతో మాట్లాడేవాడు, ఎక్కువగా టేప్ రికార్డరుతో మాట్లాడేవాడు. వేరుశెనగపప్పులు అరచేతిలో నలిపి పొట్టు ఊదేవాడు. ఎదురుగా ఎవరున్నారో చూసుకునేవాడు కాదు. మేమందరం ఆ పొట్టు చొక్కాల మీంచి దులుపుకుంటూనే సంగీతం నేర్చుకున్నాం.

ఆ టేపు సంగతి చెప్పాలి. దాదా బావమరిది కలకత్తా ఓడరేవులో గుమాస్తా. ఇంగ్లండులో పేరు మోసిన బ్యాండొకటి లండన్‌లో చేసిన కచేరీ రికార్డు ఎవరో ఓడమీది మనిషి దగ్గర ఒక పూట అతని చేతికి దొరికింది. దాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించి బావకి పంపాడు. ప్రోగ్రెసివ్ రాక్ అంటారట ఆ సంగీతాన్ని. మనం సినిమాల్లో వినే మూడు నిమిషాల పాట కాదు. ఒక్కో పాట అరగంట నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ తాళం మారిపోతుంది, మళ్ళీ మారుతుంది. ఎక్కడో గుళ్ళో ఉన్నట్టు ఆర్గన్ మోగుతుంది, అంతలో కొట్లాటలా డ్రమ్ములు వస్తాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు తల తిరిగింది. నాలుగోసారికి ఒళ్ళు పులకరించింది. ఆ సంగీతాన్ని నేను తిట్టను. దాని తప్పేం లేదు.

అప్పట్లో ఊళ్ళో గిటారు పట్టుకున్న కుర్రాళ్ళందరూ ఇంగ్లీషు పాటలు వాయించేవారు. తోచినట్టు వాయించేవారు, మధ్యలో హిందీ పాట కలిపేవారు, జనం ఈల వేస్తే మళ్ళీ వాయించేవారు. దాదాకి వాళ్ళంటే అసహ్యం. అతనికి పాటలు అక్కర్లేదు, ఆ కచేరీ కావాలి. ఆ సాయంత్రం లండన్‌లో ఏది ఎలా జరిగిందో అది అలాగే జంషెడ్‌పూర్‌లో మళ్ళీ జరగాలి. టేపులో ఒకచోట రెండు పాటల మధ్య వాద్యగాడెవడో గొంతు సవరించుకుంటాడు. మా డ్రమ్ముల కుర్రాడు సరిగ్గా అక్కడే గొంతు సవరించుకోవాలి. ఒకచోట గిటారు తీగ కొంచెం శ్రుతి తప్పుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మా గిటారు అక్కడ శ్రుతి తప్పి, తర్వాత సర్దుకోవాలి. ఎవరైనా సొంతంగా ఒక చిన్న గమకం వేస్తే దాదా బొటనవేలు టేప్ రికార్డరు మీట మీదికి వెళ్ళేది. టక్కుమని ఆపేవాడు. "టేపులో నేదు" అనేవాడు. తర్వాత "ఫిర్ సే" అనేవాడు. అంటే మళ్ళీ మొదట్నించీ. అతని నోట నేను విన్న మాటల్లో సగం ఈ రెండే.

నేను అతని చేతికి ఎలా చిక్కానంటే, పాట వల్లనే. కాసిడీహ్‌లో మావాళ్ళ శ్రీరామనవమి పందిట్లో భజన నాదే. నా గొంతు గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు గానీ ఇప్పుడది లేదు కనక చెప్పొచ్చు. బాగుండేది. పందిట్లో మైకు పాడైతే జనం లేచి వెళ్ళేవారు కాదు. అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది. మా ఆవిడ నా మేనమామ కూతురు. "ఆయన పాట ఇనే సేసుకున్నాను" అని అందరితో చెప్పేది. మావాళ్ళలో మేనబావని చేసుకోవడానికి పాట వినక్కరలేదు. అయినా అలాగే చెప్పేది.

ఆ రోజు భజన అయ్యాక దాదా ప్రసాదం ఆకు పట్టుకుని నా పక్కకొచ్చాడు. బాగుందని అనలేదు. ఆకులోకి చూస్తూ "ఇంకా పైకెల్లగలవేటి?" అన్నాడు.

"ఎల్తాను" అన్నాను.

"ఎంత?"

"నువ్వు ఎంతంటే అంత."

ఆకులో మిగిలిన వడపప్పు నోట్లో వేసుకుని "బుధారం రా" అన్నాడు. అంతే.

రిహార్సలు అగ్రికోలో వాళ్ళ ముందు గదిలో. అందరివీ షిఫ్టు ఉద్యోగాలు కాబట్టి మధ్యాహ్నాలు కలిసేవాళ్ళం. చప్పుడు బయటికి పోకుండా కిటికీలకి బొంతలు కట్టేవాడు. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చుంటే కార్ఖానాలో కొలిమి పక్కనే నయమనిపించేది. దాదా భార్య పిల్లల్ని తీసుకుని వెనక వరండాలోకి పోయేది. పిల్లలు గట్టిగా నవ్వితే లోపల్నించి టేపు ఆగేది. నవ్వు కూడా ఆగిపోయేది.

ఆ కచేరీలో చివరి పాటలో ఒకచోట గొంతు పైకి వెళ్ళి అక్కడే నిలబడాలి. కింద ఆర్గన్ తిరుగుతూ ఉంటుంది, పైన గొంతు కదలకూడదు. అలా రెండుసార్లు. ఇంటికి వచ్చి నా హార్మోనియం మీద చూసుకున్నాను. నేను హాయిగా అందుకునే ఆఖరి మెట్టుకి ఆ స్వరం రెండు మెట్లు పైన ఉంది. రెండు మెట్లే కదా అనిపిస్తుంది వినేవాళ్ళకి. పాడేవాడికి తెలుస్తుంది. ఒకసారైతే ఎగిరి ముట్టుకోవచ్చు. రోజూ అక్కడ కాపురం ఉండలేం.

"దాదా, రెండు మెట్లు దించుకుందాం. అందరం కలిసి దించితే ఎవులికి తెలుత్తాది?" అన్నాను.

అతను టేప్ రికార్డరు వైపు చూశాడు. "అది దిగతాదేటి?" అన్నాడు.

"అది మిషను దాదా. నేను మడిసిని."

"అక్కడ పాడినోడు మడిసి కాడేటి? ఫిర్ సే."

నిజమే, పాడినవాడూ మనిషే. ఆ మాట నన్ను కట్టేసింది. వాడెవడో తెల్లవాడు అందుకున్నది నేను అందుకోలేనా అని మొండిపట్టు పట్టాను. అందుకున్నాను కూడా. మొదట్లో పదింట ఒకసారి, తర్వాత సగం సార్లు, చివరికి ప్రతిసారీ. ప్రతిసారీ ఇంటికి వచ్చాక గొంతులో ఇసక పోసినట్టుండేది. మా ఆవిడ మిరియాల పాలు కాచి గ్లాసు చేతిలో పెట్టి నిలబడేది. "బావా, నీ గొంతు గీరుకుపోతంది. ఆ మడిసికి సెప్పు" అనేది. చెప్పానన్నాను. "ఏటన్నాడు?" టేపు దిగదన్నాడని చెప్పాను. "అలగైతే నువ్వే దిగీ. ఆ బేండూ వద్దు, బాజా వద్దు" అంది. దాదా పేరు ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ డబ్బా మనిషి అనేది.

అయినా నా వేషం కుట్టింది ఆవిడే. లండన్‌లో ఆ గాయకుడు పాదాల దాకా వేలాడే తెల్ల అంగీ వేసుకున్నాడట. దాదా ఏదో పత్రికలో బొమ్మ చూశాడు. కర్టెను గుడ్డ తెచ్చి ఆవిడ ముందు పడేసి, గోడకి కొలతలు చెప్పి వెళ్ళాడు. వేసుకుంటే నేను బడి నాటకంలో దేవదూతలా ఉన్నానని ఆవిడ పడీ పడీ నవ్వింది.

కచేరీ ఆ మరుసటి ఏడు మే నెలలో, కాసిడీహ్‌లో ఒక స్కూలు హాల్లో. సాయంత్రం అయిదింటికి. ఫ్యాన్లున్నాయి గానీ అవి వేడిని పంచిపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. వెనకంతా కాలేజీ కుర్రాళ్ళు. ముందు వరసల్లో మా తెలుగువాళ్ళు, పిల్లాపాపలతో, నేను పాడుతున్నానని వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒక ముసలమ్మ మొదటి పాట ఇరవై నిమిషాలు విని "ఓలమ్మ, ఇంకా శ్రుతే సూసుకుంతన్నారేటి?" అని అడిగిందట. మా ఆవిడ పక్కనే కూర్చుంది కనక నాకు చేరింది.

మొదటి పాట తర్వాత టేపులో ఆ గాయకుడు జనంతో రెండు మాటలు అంటాడు. బయట మంచు పడుతున్నా, ఇంత చలిలో కూడా వచ్చినందుకు సంతోషం అంటాడు. నేను కూడా అనాలి. దాదా రాసిచ్చి బట్టీ పెట్టించాడు. ఆ మే నెల ఎండలో, కర్టెను గుడ్డలో చెమటతో ముద్దయి, నేను ఇంగ్లీషులో జంషెడ్‌పూర్ జనానికి మంచులో వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పాను. హాలు గొల్లుమంది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. నాకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం మొత్తంలో ప్రాణమున్న క్షణం అదొక్కటే. తిరిగి చూస్తే తను వాయించే ఆర్గన్ వెనకనించి దాదా జనం వైపు చూస్తున్నాడు. ఆ నవ్వు టేపులో లేదు. అతని చేతికి మీట ఉంటే వాళ్ళందర్నీ టక్కున ఆపి, లేపి బయటికి పంపి, మళ్ళీ మొదట్నించీ రమ్మనేవాడు.

చివరి పాట వచ్చింది. మొదటిసారి పైకి వెళ్ళి నిలబడ్డాను. నా జీవితంలో అంత బాగా నిలబడలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు గొంతులో ఏదో తెగింది. గుడ్డ చినిగినట్టు తెలిసింది. స్వరం పోయి దగ్గు వచ్చింది. మిగతా పాట గాలితో పాడాను. జనానికి ఆ హోరులో తెలిసిందో లేదో, లేచి చప్పట్లు కొట్టారు.

తెర వెనక్కి వచ్చి రుమాల్లో ఉమ్మితే ఎర్రగా ఉంది. దాదా వైర్లు చుడుతున్నాడు. మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్ట చుట్టడం అతని పద్ధతి, ఎంతో శ్రద్ధగా, ఒక్క మెలిక పడకుండా. రుమాలు చూపించాను. వైరు వైపు చూస్తూ అన్నాడు.

"ఆ దగ్గు టేపులో నేదు."

రుమాలు మడిచి బయటికి వచ్చేశాను.

గొంతులో రక్తం కట్టిందనీ, మాటన్నది ఆడొద్దనీ డాక్టరు చెప్పాడు. నెలల తరబడి సైగలతో బతికాను. మాట తిరిగి వచ్చాక అది నా మాట కాదు. ఇప్పుడున్న ఈ బొంగురే. తర్వాతి శ్రీరామనవమికి పందిట్లో నా చేతికి భజన తాళాలిచ్చారు. చోటు కూడా కొంచెం పక్కకి మార్చారు. నేను తాళం వేస్తూ ఉంటే మా ఆవిడ ఆడవాళ్ళలోంచి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె పందిట్లోకి రావడం మానేసింది.

దాదా మా ఇంటికి ఒక్కసారే వచ్చాడు. నేను ఇంకా మాట్లాడకూడని రోజుల్లో. ఎలా ఉన్నావని అడగడానికి వచ్చాడనుకుని మా ఆవిడ కుర్చీ వేసింది. కూర్చోలేదు. ద్వారబంధంతో అన్నాడు: "ఆ తెల్ల అంగీ ఉందేటి? ఇంకో కుర్రోణ్ణి సూత్తన్నాను."

ఆవిడ లోపలికి వెళ్ళి తెచ్చింది. ఇచ్చే ముందు అతని కళ్ళ ముందే నేల మీద పడేసి ఆ గుడ్డతో గడప తుడిచింది. నిదానంగా, ఈ చివర్నించి ఆ చివరికి. తర్వాత మడత పెట్టి చేతికిచ్చింది. "ఉతుక్కోండి" అంది. అతను దాన్ని విప్పి, చిరిగిందేమో చూసుకుని, చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఆవిడ చేసింది అతనికి అవమానంగా తోచిందో లేదో కూడా నాకు తెలీదు. అది టేపులో లేని సంగతి కదా.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మేం మాట్లాడుకోలేదు. ఎదురుపడ్డా నేను రోడ్డు దాటేవాణ్ణి. ఇళ్ళల్లోకి టీవీలు వచ్చాక, ఇలాంటి కచేరీలు ఎవరు చూస్తారులే అనుకునే రోజుల్లో, దాదా మళ్ళీ అదే కచేరీ పెడుతున్నాడని తెలిసింది. కొత్త కుర్రాళ్ళు, అదే లండన్, అవే పాటలు, అదే కాసిడీహ్ హాలు. ఆదివారం మధ్యాహ్నం.

వెళ్తానన్నాను. మా ఆవిడ నా ముఖం కేసి చూసి "ఎందుకేటి, బావా?" అంది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. తను లోపలికి రాననీ, కాసిడీహ్ బజార్లో వాళ్ళ అప్ప ఇంట్లో కూర్చుంటాననీ అంది. సైకిలు మీద ఆమెని అక్కడ దింపి నేను హాలుకి వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను.

ఆర్గన్ మొదలవగానే నా మెడ నరాలు బిగుసుకున్నాయి. నేను పాడనక్కర్లేదని ఒంటికి తెలియలేదు. కొత్త గాయకుడు రైల్వే క్వార్టర్స్ కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆ తెల్ల అంగీయే వేసుకున్నాడు. నోరు తెరిచాడు. ఏదో తేడాగా తోచింది. నేను ఎదురుచూసిన చోట పాట లేదు, దానికి కింద ఉంది. నా చెవులు కూడా పోయాయా అనుకున్నాను. పాట నడక కూడా నిదానంగా ఉంది, మేం వాయించినప్పటి పరుగు లేదు. చివరి పాట దాకా ఆగాను. అక్కడ, నేను తెగిపోయిన చోట, ఆ కుర్రాడు టీ తాగుతున్నంత సులువుగా పైకి వెళ్ళి నిలబడ్డాడు. రెండోసారి కూడా నిలబడ్డాడు. ఆ స్వరం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నా గొంతు హాయిగా అందుకున్న ఆఖరి మెట్టు అదే.

దాదా రెండు మెట్లు దించాడు.

జనం వెళ్ళిపోయాక తెర వెనక్కి వెళ్ళాను. దాదాకి జుట్టు నెరిసింది. వైర్లు మాత్రం అలాగే చుడుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"దించీసినావు" అన్నాను.

"దించనేదు. అసలు అదే. మన టేపే తప్పు" అన్నాడు వైరుతో. "మా బామ్మర్ది ఎక్కించినప్పుడు మిషన్లో బేటరీలు వీకయిపోనాయంట. అది నీరసంగా, నెమ్మదిగా తిరిగింది. అలగ ఎక్కిన టేపు మంచి మిషన్లో ఏత్తే పరిగెడతాది. సురుతి పైకెల్లిపోద్ది. రెండు మెట్లు."

కార్ఖానాలో వేగం కొలిచే ముళ్ళు సరిచేసి జీతం తీసుకునే మనిషి నిలబడి నాకు చెబుతున్న సంగతి ఇది. నా మాటే నాకు సరిగ్గా వినపడలేదు.

"ఎప్పుడు తెలిసినాది?"

"మన షోకి ముందే. హోళీకొచ్చినప్పుడు ఆడు అసలు రికార్డే తెచ్చినాడు."

హోళీ మార్చిలో. మా కచేరీ మే నెలలో. ఆ రెండు నెలలూ నేను రోజు విడిచి రోజు వాళ్ళ గదిలో గొంతు చించుకున్నాను. అతను తెలిసే ఫిర్ సే అన్నాడు.

"మరి సెప్పనేదేటి? ఒక్క ముక్క సెప్పుంటే..."

"సెప్పి?" చుట్ట ముడి వేసి పెట్టెలో పెట్టాడు. "నీకు అందింది గదా. అందినదాన్ని దించడమెందుకు? ఈ కుర్రోడికి అందదు. అందుకే దించీసినాను."

అప్పుడు అతను నా ముఖం చూశాడు. అన్నేళ్ళలో మొదటిసారి. కళ్ళు లేత గోధుమరంగు, అంతవరకు నాకు తెలియదు.

"అంత పైకి ఎవుడూ ఎల్లనేదు. ఆ ఇంగ్లీసోడు కూడా ఎల్లనేదు. నువ్వు ఎల్లినావు" అన్నాడు.

చెంప మీద కొట్టాలి. ఆ పెట్టె ఎత్తి నెత్తిన వెయ్యాలి. ఏ మనిషైనా అదే చేస్తాడు. నేనేమీ చెయ్యలేదు. ఎందుకంటే నాకు సంతోషం వేసింది. లోపల్నించి పొంగుకొచ్చింది, నేను రమ్మనకుండానే. నా గొంతు తీసుకున్నందుకన్నా, ఆ సంతోషం నాలో పుట్టించినందుకు ఆ దుర్మార్గుణ్ణి ఎక్కువ ద్వేషిస్తాను. పోయాడని తెలిసినా ఆ ద్వేషంలో వీసమంత తగ్గలేదు.

బజార్లో మా ఆవిడని ఎక్కించుకున్నాను. వెనక సీటు మీద కూర్చుని నా నడుం చుట్టూ చెయ్యి వేసింది. తర్వాత అడిగింది, "ఏటన్నాడు?"

దాయలేదు. టేపు సంగతి, హోళీ సంగతి, రెండు మెట్ల సంగతి చెప్పాను. ఇంగ్లీషువాడు కూడా వెళ్ళలేదన్న మాటా చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె నా నడుం చుట్టూ వేసిన చెయ్యి తీసేసింది.

"అదిన్నాక నీకెలగుంది?" అంది.

"బాగుంది" అన్నాను.

సైకిలు ఆగకుండానే దూకేసింది. అప్పుడే కార్ఖానాలో షిఫ్టు వదిలారు. గేటులోంచి వందల సైకిళ్ళు, గంటలు, లారీల హారన్లు. ఆమె చెంగు బిగించి, వెనక్కి చూడకుండా, ఆ జనంలోకి నడిచి వెళ్ళిపోతోంది. నేను సైకిలు పట్టుకుని నిలబడి ఆగమని పిలిచాను. మళ్ళీ పిలిచాను. నా పిలుపు ఆమె దాకా వెళ్ళలేదు.